ఏ బుక్కులో ఉంది మేడమ్ గారూ?

1988 ఎండాకాలం అనుకుంటాను. మిట్టమధ్యాహ్నం, లైబ్రరీలో నేనూ మా అటెండరూ తప్ప ఎవరూ లేని వేళ ఇద్దరు మనుషులు గట్టిగా వాదించుకుంటూ లోపలికి వచ్చారు. ఒకాయన రైల్వేలో కీమ్యాన్, అంటే పట్టాలు చూసుకునే మనిషి. ఇంకొకాయనకు బస్టాండు పక్కన సైకిల్ షాపు. మన దేశంలో అన్నిటికంటే పొడవైన ప్లాట్‌ఫారం ఏ స్టేషన్లో ఉందన్నది తగువు. కీమ్యాన్ ఖరగ్‌పూర్ అంటాడు. సైకిల్ షాపాయన చిన్నప్పుడు బళ్లో సోన్‌పూర్ అని చదువుకున్నాడు, తల తీసినా మార్చనంటాడు.

"మేడమ్ గారూ, మీ బుక్కులో చూసి చెప్పండి. ఓడినవాడు టీ, సమోసా ఇప్పించాలి. మీక్కూడా."

బుక్కు అంటే మనోరమ ఇయర్ బుక్. కేరళలో ఒక మలయాళ పత్రిక వాళ్లు ఇంగ్లిషులో వేసే పుస్తకం, బాపట్ల దగ్గర ఒక ఊళ్లో తెలుగులో జరిగే పందేలకు తీర్పు చెప్పేది. బీరువా తాళం తీసి, పేజీ వెతికి, వేలు పెట్టి చూపించాను. ఖరగ్‌పూర్. సైకిల్ షాపాయనకు ఇంగ్లిషు చదవడం రాదు. అయినా నా వేలు ఉన్న చోటు ఒకసారి చూసి, "సరే, బుక్కులో ఉంటే ఇంకేముంది" అని జేబులో చెయ్యి పెట్టాడు. మా అటెండరుకు కూడా రెండు సమోసాలు దక్కాయి.

నేను 1986లో శాఖా గ్రంథాలయంలో చేరాను. రెండు గదులు, ఒక వరండా, నాలుగు బల్లలు. ఊళ్లో వాళ్లు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్తుందని, అందులోంచే మాకు పుస్తకాలూ పేపర్లూ వస్తాయని చాలామందికి తెలియదు. తెలిసిన ఒకరిద్దరు మాత్రం "నా డబ్బులతోనే కదమ్మా కొంటున్నారు" అని పేపరు ఆలస్యమైతే దబాయించేవారు.

పొద్దున్నే పేపర్లు వచ్చేసరికి వరండాలో పదిహేనుమంది దాకా ఉండేవారు. ఈనాడు కోసం ఎప్పుడూ తోపులాటే. ఆంధ్రప్రభకు ఇద్దరు ముగ్గురు పాతకాపులు. ఒక సైకిల్ రిక్షా ఆయన విశాలాంధ్ర తప్ప ఇంకోటి ముట్టుకునేవాడు కాదు, అది ఇంకొకరి చేతిలో ఉంటే మెట్ల మీద కూర్చుని అలాగే ఎదురుచూసేవాడు. ఆంధ్రపత్రికకు ఒక రిటైర్డ్ కరణంగారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేపరని ఆయనకు అదొక భక్తి. 1991లో ఆ పత్రిక ఆగిపోయింది. ఆగిందని చెప్పినా వారం రోజులపాటు వచ్చి అడిగారాయన. "మిగతావి ఉన్నాయి కదండీ, వార్తలు అవే కదా" అన్నాను ఒకరోజు. "వార్తలు అవేనమ్మా. చెప్పేవాడు వేరు కదా" అన్నారు. తర్వాత రావడం మానేశారు.

అప్పట్లో నాకు ఆ మాట కాస్త చాదస్తంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వరండాలో వాళ్లంతా అంతే. "ఫలానా పేపర్లో వేశారు", "రేడియోలో చెప్పారు". ఈ రెండు మాటల్తో ఎంత పెద్ద వాదన అయినా ముగిసిపోయేది. ముందు పేరు, ఆ తర్వాతే సంగతి. పేరు లేకుండా ఎవరైనా ఒక వార్త చెబితే, "ఎవరు చెప్పారోయ్, మీ మామా?" అని నవ్వేసేవారు.

నా బల్ల వెనక గాజు తలుపుల బీరువా ఉండేది. ఇంటికి ఇవ్వకూడని పుస్తకాలు అందులో. బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, తెలుగు భాషా సమితి వేసిన విజ్ఞాన సర్వస్వం సంపుటాలు కొన్ని, రైల్వే టైమ్ టేబులు, ప్రతి ఏడూ ఉగాదికి నేను సొంత డబ్బుతో కొనే పంచాంగం, ఇయర్ బుక్. బ్రౌన్ దొర పుస్తకం అట్ట ఊడిపోతే మా అటెండరు మైదా ఉడికించి రెండుసార్లు అతికించాడు. దాని కోసం ఎక్కువగా వచ్చేది సాహిత్యం చదివేవాళ్లు కాదు, దస్తావేజులు రాసేవాళ్లు. పాత కాగితాల్లో ఎక్కడో 'కవిలె' అనో ఇంకోటనో తగులుతుంది, అర్థం కావాలి. "బ్రౌన్లో ఇలా ఉంది" అంటే ప్లీడరుగారు కూడా ఎదురు చెప్పరని వాళ్ల నమ్మకం.

అసలైన మహానుభావుణ్ని మాత్రం నేను గుంటూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనే చూశాను. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా. వరుసగా నిలబెట్టిన సంపుటాలు, వీపు మీద బంగారు అక్షరాలు. ముట్టుకునే ముందు చేతులు కొంగుకు తుడుచుకున్నాను. 1768లో మొదలైందని అక్కడి సీనియర్ ఒకాయన మా పెద్దల పెళ్లి తారీఖు చెప్పినంత గర్వంగా చెప్పాడు. మనకూ అలాంటిది ఒకటి ఉండాలని కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. ఆ మూడింట్లోనూ ఉన్నవి 'అ'తో మొదలయ్యే విషయాలే. "మన జ్ఞానం 'అ' దాటలేదమ్మా" అని ఆ సీనియరే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒక మనిషి ఆయుష్షు ఒక్క అక్షరానికి సరిపోయిందా అనిపించింది.

పేరున్న వాళ్లు తప్పు చేయరని కాదు. పదో తరగతి ఫలితాలు పేపర్లో నంబర్ల వారీగా వేసే రోజులవి. ఆ రోజు పొద్దున ఐదింటికే లైబ్రరీ తలుపు కొట్టేవారు. చీమల్లాంటి అంకెలు, ఒక్కో పేపరు మీద పది తలలు. ఒక ఏడాది మా వీధి చివరి టైలరు కూతురు నంబరు ఒక పేపర్లో లేదు. ఆ పిల్ల ఏడుస్తూ పరుగెత్తింది. వాళ్లమ్మ బావుల దగ్గరికి మనుషుల్ని పంపింది. పావుగంట తర్వాత ఇంకో పేపర్ బండిల్ వచ్చింది, అందులో నంబరు ఉంది. మొదటిదాంట్లో అచ్చులో ఒక వరుస ఎగిరిపోయిందని మధ్యాహ్నానికి తేలింది. ఆ పిల్ల చెరుకు తోటలో దొరికింది, క్షేమంగానే. ఆ పావుగంట మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మర్నాడు పొద్దున వరండాలో అదే పేపరు కోసం మళ్లీ అదే తోపులాట!

మా ఊళ్లో నెట్ సెంటర్ 2002లోనో 2003లోనో వచ్చింది. మా అక్క కొడుకు తీసుకెళ్లాడు. "ఏం కావాలో అడుగు పిన్నీ, ఏదైనా చెబుతుంది" అన్నాడు, సోదెమ్మను తెచ్చినట్టు. నేను ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం అడిగాను. వచ్చింది. బీరువా తాళం తియ్యకుండానే వచ్చింది. సంతోషమో దిగులో చెప్పలేను గానీ, ఎవరు చెప్పారా అని చూస్తే ఎవరో విదేశీ రైలు పిచ్చివాడు తన సరదా కోసం రాసుకున్న పేజీ. కానీ తప్పు లేదు. బుక్కులో ఉన్నదే ఉంది.

తెలుగులో వెతికితే మాత్రం అప్పట్లో ఓ వింత జరిగేది. నాకు గుర్తున్న ఒక పాత వ్యాసం కోసం ఎంత వెతికినా రాలేదు. పెద్ద పెద్ద పత్రికలన్నీ అప్పటికే నెట్లో ఉన్నాయి కదా, రాదేం అని అడిగితే మావాడు చెప్పాడు. ఒక్కో పత్రిక తన సొంత ఫాంటు చేయించుకుందట. తెర మీద తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉండేది తెలుగు కాదు, ఏవో పిచ్చి గుర్తులు. వెతికే యంత్రం లోపలిదాన్నే చదువుతుంది కాబట్టి దానికి అది తెలుగని తెలియనే తెలియదు. యూనికోడ్ అనే పద్ధతిలో రాస్తేనే దానికి తెలుస్తుంది. అలా రాసేవాళ్లు ఎవరయ్యా అంటే హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్లు కూర్చుని ఊరగాయ మీదా ఊరి మీదా రాసుకునే కుర్రాళ్లు. దాంతో లక్షల ప్రతులు అమ్మే పత్రిక వెతుకులాటలో కనపడదు, పేరూ ఊరూ లేని కుర్రాడు మొదటి వరుసలో కనపడతాడు. మా వరండా తలకిందులైనట్టుంది నాకు.

ఆ పత్రికల రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపించే 'పద్మ' అనే చిన్న పనిముట్టు ఒకటి వచ్చింది. అది చేసిన వెన్న నాగార్జునగారే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను కూడా మొదలుపెట్టారు. నేను తెలుగు వికీపీడియాలో మొదట వెతికింది కొమర్రాజువారి పేరే. 'క'తో మొదలయ్యే పేరు! ఆయన సర్వస్వం అక్కడిదాకా రానే లేదు. ఆ రోజు నెట్ సెంటర్లో కళ్లు తుడుచుకుంటుంటే, గదిలో ఉక్క పడడం లేదేమో అనుకుని పక్క కుర్రాడు ఫ్యాను ఇటు తిప్పాడు.

తర్వాత్తర్వాత లైబ్రరీకి వచ్చే ప్రశ్నలు తగ్గాయి. ఎప్పుడు తగ్గాయో నేను గమనించనేలేదు. బడిపిల్లలు ప్రాజెక్టు వర్కులు నెట్ సెంటర్లో ప్రింట్లు తీయించుకోవడం మొదలుపెట్టారు. హైస్కూలు సోషల్ టీచరు నా స్నేహితురాలు, ఒకసారి ఆ కట్ట నాకు చూపించింది. చివర్లో 'సేకరణ' అన్నచోట క్లాసు క్లాసంతా ఒకటే మాట. గూగుల్. నేను బడికి వెళ్లినప్పుడు పిల్లలతో అన్నాను, "ఉత్తరం ఎవరు రాశారర్రా అంటే పోస్ట్‌మ్యాన్ పేరు చెబుతారా?" అని. మూడో బల్లలో ఒక బుడ్డోడు లేచి, "ఉత్తరం మీద పేరు లేదు కదా మేడమ్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2009లో ఎన్‌కార్టా అనే సీడీల విజ్ఞాన సర్వస్వాన్ని మైక్రోసాఫ్ట్ ఆపేసింది. మా జిల్లా లైబ్రరీలో ఆ సీడీలు భద్రంగా డబ్బాలో ఉండేవి, చూసే కంప్యూటరే లేదు. 2012 మార్చిలో బ్రిటానికా కూడా ఇక అచ్చు వేయమని చెప్పింది. 244 ఏళ్లు. చివరి సెట్టు 32 సంపుటాలు, 2010లోది. ఆ వార్త నేను చదివింది పేపర్లోనే. పక్కన కూర్చున్న ఆయనకు చదివి వినిపిస్తే, "అదేం కంపెనీ?" అన్నాడు.

సంగతి దొరకడం తేలికైంది, అది కాదనను. మా తరంలో ఆ గాజు బీరువా దాకా రాలేని ఆడపిల్లలు ఎంతమందో. వాళ్ల కూతుళ్లు ఇవాళ వంటింట్లో నిలబడి ఏదైనా కనుక్కుంటున్నారు. బీరువా తాళం నా దగ్గర ఉన్నన్నాళ్లూ నేను కూడా కొంచెం పెద్దరికం చూపించాను, దాచుకోవడం ఎందుకు. కానీ పేరు ఊడిపోయి సంగతి ఒక్కటే చేతికొస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే ఒకసారి జరిగింది.

మా అత్తయ్యగారు తొలి ఏకాదశి ఉపవాసం తప్పరు. ఆవిడకు గోడకు వేలాడే పిడపర్తివారి పంచాంగమే ప్రమాణం. అది ఆ ఏడు ఎవరో చదవడానికి తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి, "నేను చూసి చెబుతాలే మామ్మా" అని ఫోన్లో వెతికి, ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఆవిడ ఆ రోజే ఉపవాసం ఉన్నారు. సాయంత్రం గుడికి వెళ్తే పూజారిగారు, "ఏకాదశి రేపు కదమ్మా" అన్నారు. తిథి మొదలయ్యే క్షణం లోకమంతా ఒకటే గానీ, ఏ రోజుకు చెందుతుందో తేల్చేది ఆ ఊరి సూర్యోదయం. ఇక్కడ ఏకాదశి వచ్చేసరికి సూర్యుడు పొడిచి రెండు మూడు గంటలైంది, కాబట్టి మర్నాటి లెక్క. అదే క్షణానికి అమ్మాయి వాళ్ల ఊళ్లో ముందురోజు రాత్రే. వాళ్లకు తెల్లారేసరికి ఏకాదశి ఉంది. ఆ పేజీ వాళ్ల ఊరికి సరైనదే! పైన ఊరి పేరు కూడా ఉందట. ఫొటోలో అంకెలు పెద్దవిగా కనపడాలని అమ్మాయి పైభాగం కత్తిరించి పంపింది.

మా అత్తయ్యగారు మర్నాడు కూడా ఉపవాసం ఉన్నారు. "రెంట్లో ఒకటి తప్పయినా రెండోది ఒప్పవుతుంది" అన్నారు. ఆ తర్వాత ఉగాదికి రెండు పంచాంగాలు కొనిపించారు, ఒకటి ఇవ్వడానికి, ఒకటి దాచడానికి.

అది నవ్వుకునే విషయం. ఎదురింటి మాస్టారిది కాదు. ఆయన ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి. 2022లో ఆయనకు రావాల్సిన పార్సిలు రాలేదు. పేరున్న కొరియర్ కంపెనీయే. ఆ కంపెనీ పేరు కొట్టి, పక్కన కస్టమర్ కేర్ నంబర్ అని కొట్టి వెతికారు. పైన కనపడిన నంబరుకు ఫోన్ చేశారు. అవతల మనిషి ఎంతో మర్యాదగా 'సార్, సార్' అంటూ ఏదో యాప్ వేయించాడు, ఐదు రూపాయలు పంపమన్నాడు. రాత్రికి 18 వేలు పోయాయి. నంబరు ఆ కంపెనీది కాదు. పేరు మాత్రం ఆ కంపెనీదే. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి రాయించడానికి నేనే పక్కన కూర్చున్నాను. మాస్టారు డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "పేరు చూశానమ్మా, పేరు చూసే కదా చేశాను" అని నాలుగైదుసార్లు అన్నారు. ఆ వరండాలో పెరిగిన మనిషి ఆయన కూడా. మా రోజుల్లో ఒక పేరు దొంగిలించాలంటే ప్రెస్సు కావాలి, కాగితం కావాలి, పేపర్లు మోసే కుర్రాణ్ని కొనాలి.

పేరు చెక్కుచెదరకుండా సంగతి చెప్పే చోట్లు ఇప్పుడూ ఉన్నాయి. ఆంధ్రభారతి అనే సైటు ఉంది. ఒక్క మాట కొడితే నా బీరువాలోవీ, అందులో లేనివీ నిఘంటువులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. శబ్దరత్నాకరం ఇలా అంది, బ్రౌన్ అలా అన్నాడు, పిఠాపురం రాజావారు ఖర్చు పెట్టించిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇంకోలా అంది అని ప్రతి అర్థం దగ్గరా ఎవరిదో రాసి ఉంటుంది. నేను మొదటిసారి 'కవిలె' కొట్టి చూశాను. దస్తావేజుల ఆయన బతికి ఉంటే చూపించేదాన్ని. మైదాతో అతికించిన మా బ్రౌన్ మాత్రం ఏమైందో తెలియదు, లైబ్రరీ కొత్త బిల్డింగుకు మారినప్పుడు ఎక్కడో పోయింది.

నేను రిటైరై మూడేళ్లయిన తర్వాత, 2023లో, ఏదో పని మీద అటు వెళ్లి పేపరు చూద్దామని లోపలికి వెళ్లాను. బల్లల నిండా పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. పుస్తకాలు వాళ్లవే, ఫోన్లు వాళ్లవే. లైబ్రరీది ఫ్యానూ కుర్చీనే. నా కుర్చీలో కొత్తగా వేసిన కాంట్రాక్టు అమ్మాయి, మంచి పిల్ల. వరండాలో ఎవరో గొడవపడుతున్నారు. గొంతు గుర్తుపట్టి బయటికి వచ్చాను. కీమ్యాన్ గారే, జుట్టంతా తెల్లబడింది. సైకిల్ షాపాయన చేతికర్ర సాయంతో నడుస్తున్నాడు. షాపును కొడుకు సెల్‌ఫోన్ల షాపుగా మార్చాడట.

"అదిగో మేడమ్ గారే వచ్చారు" అన్నాడు కీమ్యాన్. "ఈయన మనవడి ఫోనులో హుబ్బళ్లి అని వస్తోంది. నా ఫోనులో గోరఖ్‌పూర్ అంటోంది. మనం ఖరగ్‌పూర్ అని తేల్చాం కదా?"

రెండు ఫోన్లూ తీసుకుని చూశాను. గోరఖ్‌పూర్ అన్న పేజీ నాలుగేళ్ల కిందటిది. అక్కడి ప్లాట్‌ఫారం 2013లో 1366 మీటర్లకు పెరిగి ఖరగ్‌పూర్‌ను దాటేసింది. హుబ్బళ్లి పేజీ ఆ నెలలోది, 1507 మీటర్ల కొత్త ప్లాట్‌ఫారం అప్పుడే ప్రారంభించారు. చదివి వినిపించాను.

"అంటే నేను ఓడిపోయానా?" అన్నాడు కీమ్యాన్.

"అప్పుడు గెలిచారు కదండీ, సమోసాలు కూడా తిన్నాం" అన్నాను.

సైకిల్ షాపాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "మరి సోన్‌పూర్ ఎప్పుడన్నా మొదటిదిగా ఉందా మేడమ్ గారూ? మాకు పంతులుగారు ఊరికే చెప్పరు కదా."

ఫోనులో వెతకబోయాడు మనవడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "అందులో వద్దురా, మేడమ్ గారి బుక్కులో" అన్నాడు.

బీరువా కింది అరలో ఇంకా పాత ఇయర్ బుక్కులు కొన్ని ఉండాలి. కొత్తమ్మాయిని తాళం అడిగాను. ఎవరి దగ్గరుందో ఆ పిల్లకు తెలియదు.